మైక్రోకెర్నెల్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రాసెస్‌లకు సిగ్నళ్లు

## నిర్వచనం

నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, దాని సొంత పనిక్రమంతో నిమిత్తం లేకుండా, ఒక సంఘటన జరిగిందని ఆపరేటింగ్ సిస్టమ్ తెలియజేసే సూచనను సిగ్నల్ అంటారు. ప్రతి సిగ్నల్‌కూ ఒక చిన్న సంఖ్య, ఒక పేరు ఉంటాయి. తన మెమరీ, రిజిస్టర్లు, తెరిచి ఉంచిన ఫైళ్లతో సహా నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారు. వాడుకరి కీబోర్డుపై కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినా, ప్రోగ్రామ్ తనది కాని మెమరీని తాకినా, పెట్టుకున్న గడువు తీరినా, మరో ప్రాసెస్ దానిని ఆగమని కోరినా ఆ సంగతి సిగ్నల్ రూపంలోనే చేరుతుంది.

ప్రాసెసర్ ప్రత్యేకాధికార స్థితిలో నడిచే కేంద్రభాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ భాగాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచి, ఫైల్ వ్యవస్థ, ప్రాసెస్‌ల నిర్వహణ, పరికరాల డ్రైవర్లు, నెట్‌వర్క్ వంటి సేవలను విడివిడి ప్రాసెస్‌లుగా బయట నడిపే నిర్మాణానికి మైక్రోకెర్నెల్ అని పేరు. అలా బయట నడిచే సేవా ప్రాసెస్‌లను సర్వర్లు అంటారు. అవి ఒకదాని మెమరీని ఒకటి ముట్టుకోలేవు కనుక, కెర్నెల్ చేరవేసే సందేశాల ద్వారానే మాట్లాడుకుంటాయి.

లినక్స్ వంటి ఏకశిలా కెర్నెల్‌లో ఈ సేవలన్నీ ఒకే మెమరీలో ఉంటాయి కాబట్టి, సిగ్నల్ పంపడం ఆ కెర్నెల్ లోపలే మొదలై లోపలే ముగిసే పని. మైక్రోకెర్నెల్ వ్యవస్థలో దానికి కావలసిన సమాచారం మూడు చోట్ల విడిపోయి ఉంటుంది. ఎవరు ఎవరికి సిగ్నల్ పంపవచ్చో ప్రాసెస్‌లను నిర్వహించే సర్వర్‌కు తెలుసు. ప్రాసెస్ రిజిస్టర్లు కెర్నెల్ దగ్గర ఉంటాయి. ఆ ప్రాసెస్ ఏ ఫైల్ కోసమో, ఏ పరికరం కోసమో ఎదురుచూస్తూ ఉంటే ఆ సంగతి ఫైల్ సర్వర్‌కు మాత్రమే తెలుసు. ఈ మూడింటినీ సమన్వయపరచి సిగ్నల్‌ను సరిగ్గా ఒక్కసారి, సరైన క్షణంలో అందించడమే ఈ వ్యాసంలోని ప్రధాన విషయం.

## చరిత్ర

### యూనిక్స్ మూలాలు

సిగ్నల్ అనే భావన బెల్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకున్న యూనిక్స్ తొలి కూర్పుల నుంచి వచ్చింది. సిగ్నల్ పంపే సిస్టమ్ కాల్‌కు, అంటే ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ సేవను కోరే పిలుపుకు, కిల్ అనే పేరు స్థిరపడింది. పేరు చంపడాన్ని సూచించినా ఆ పిలుపు ఏ సిగ్నల్‌నైనా పంపగలదు. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులో ఒక సిగ్నల్ అందగానే దానికి ప్రోగ్రామ్ నియమించుకున్న స్పందన రద్దయ్యేది. దానిని మళ్లీ నియమించేలోపు రెండో సిగ్నల్ వస్తే ప్రోగ్రామ్ అనుకోకుండా ముగిసిపోయేది. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ కూర్పు సిగ్నల్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచే ఏర్పాటుతో ఈ లోపాన్ని సరిదిద్దింది. 1988 నాటి పోసిక్స్ ప్రమాణం ఈ పద్ధతిని స్థిరపరచింది. 1993లో చేరిన నిజసమయ విస్తరణ, వరుసలో నిలిచే సిగ్నళ్లను, సిగ్నల్‌తో పాటు ఒక విలువను పంపే సౌకర్యాన్ని తెచ్చింది.

### మైక్రోకెర్నెల్ ధార

సందేశాల ద్వారా మాట్లాడుకునే ప్రాసెస్‌లు, వాటి మధ్య ఒక చిన్న కేంద్రం అనే ఆలోచనకు డెన్మార్క్‌లో పెర్ బ్రింక్ హాన్సెన్ ఆర్‌సీ 4000 కంప్యూటర్ కోసం రూపొందించి, 1970లో ప్రచురించిన వ్యవస్థ తొలి ఉదాహరణల్లో ఒకటి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రషీద్ నాయకత్వంలో 1985లో మొదలైన మాక్ ప్రాజెక్టు ఈ ఆలోచనను యూనిక్స్‌తో కలిపింది. మాక్ 2.5 కూర్పులో బీఎస్‌డీ యూనిక్స్ భాగం కెర్నెల్‌లోనే ఉండగా, మాక్ 3.0 దానిని బయటి సర్వర్‌గా మార్చింది. అప్పటిదాకా కెర్నెల్ లోపలి వ్యవహారంగా ఉన్న సిగ్నళ్లను కెర్నెల్ వెలుపల ఎలా అమలుచేయాలన్న ప్రశ్న దీనితో ప్రధానమైంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె విశ్వవిద్యాలయంలో ఆండ్రూ టానెన్‌బామ్ బోధన కోసం రాసిన మినిక్స్ 1987లో వెలువడింది. కెనడాలో గోర్డన్ బెల్, డాన్ డాడ్జ్ 1980లో స్థాపించిన సంస్థ క్యూనిక్స్‌ను తయారుచేసింది. గ్నూ ప్రాజెక్టు 1990లో మాక్‌పై హర్డ్ నిర్మాణాన్ని ఆరంభించింది. మాక్ సందేశాల జాప్యంపై విమర్శలు పెరిగిన దశలో, జర్మనీలో యోఖెన్ లీడ్కె 1993లో ఎల్4 కెర్నెల్‌ను చూపి, సందేశాల వేగాన్ని ఎన్నో రెట్లు పెంచవచ్చని నిరూపించాడు. 1995లో ఆయన ప్రతిపాదించిన కనిష్ఠతా సూత్రం ప్రకారం, ఒక భావనను బయటకు తరలిస్తే వ్యవస్థకు అవసరమైన పని అసాధ్యమయ్యేటట్లయితేనే దానికి కెర్నెల్‌లో చోటు ఉండాలి. ఈ సూత్రాన్ని కచ్చితంగా పాటిస్తే యూనిక్స్ తరహా సిగ్నల్‌కు కెర్నెల్‌లో స్థానం లేదు.

మినిక్స్‌ను నమ్మదగిన పనితీరే లక్ష్యంగా తిరిగి నిర్మించిన మినిక్స్ 3 2005లో విడుదలైంది. ఎల్4 కుటుంబానికి చెందిన సెల్4 కెర్నెల్‌లో అమలుకూ నిర్దేశాలకూ తేడా లేదని ఆస్ట్రేలియాలోని నిక్టా పరిశోధకులు 2009లో గణితపరంగా నిరూపించారు.

## సిగ్నళ్ల వర్గీకరణ

### పుట్టుకను బట్టి

ప్రోగ్రామ్ అమలుచేసిన ఒక నిర్దిష్ట ఆదేశం వల్ల పుట్టే సిగ్నళ్లు సమకాలికమైనవి. అనుమతి లేని మెమరీని తాకినప్పుడు వచ్చే సిగ్‌సెగ్వ్, సున్నాతో భాగించడం వంటి అంకగణిత దోషానికి వచ్చే సిగ్‌ఎఫ్‌పీఈ, చెల్లని ఆదేశానికి వచ్చే సిగ్‌ఇల్ ఈ వర్గంలోవి. బయటి నుంచి ఏ క్షణంలోనైనా రాగల సిగ్నళ్లు అసమకాలికమైనవి. కీబోర్డు ద్వారా వచ్చే సిగ్‌ఇంట్, ముగించమని కోరే సిగ్‌టెర్మ్, గడువు తీరిందని చెప్పే సిగ్‌అలార్మ్, పిల్ల ప్రాసెస్ ముగిసిందని తల్లి ప్రాసెస్‌కు తెలిపే సిగ్‌చైల్డ్ ఈ రెండో వర్గానికి చెందుతాయి. మైక్రోకెర్నెల్‌లో ఈ భేదం వల్ల దారులే మారతాయి. మొదటి వర్గాన్ని ముందుగా గుర్తించేది కెర్నెల్. రెండో వర్గం చాలావరకు సర్వర్లలో, డ్రైవర్లలో పుడుతుంది.

### స్పందనను బట్టి

సిగ్నల్ అందుకున్న ప్రాసెస్‌కు మూడు మార్గాలు ఉంటాయి. దానిని పట్టించుకోకుండా వదిలేయవచ్చు. వ్యవస్థ నిర్ణయించిన సహజ స్పందనను జరగనివ్వవచ్చు. లేదా తానే ఒక ఫంక్షన్‌ను నియమించుకోవచ్చు. ఇలా నియమించిన ఫంక్షన్‌ను హ్యాండ్లర్ అంటారు. సిగ్నల్‌ను కొంతసేపు నిలిపి ఉంచే పట్టికకు మాస్క్ అని పేరు. మాస్క్‌లో ఉన్న సిగ్నల్ వస్తే అది పెండింగ్‌లో ఉండి, మాస్క్ తొలగాక అందుతుంది. సిగ్‌కిల్, సిగ్‌స్టాప్ అనే రెండింటిని మాత్రం ఏ ప్రాసెస్ కూడా వదిలేయడం, నిలిపి ఉంచడం, పట్టుకోవడం కుదరదు.

### వరుసను బట్టి

సాధారణ సిగ్నళ్లకు పెండింగ్ స్థితి ఒక్క బిట్‌తో సూచించబడుతుంది కాబట్టి, అదే సిగ్నల్ పదిసార్లు వచ్చినా ఒక్కసారే అందవచ్చు. పోసిక్స్ నిజసమయ సిగ్నళ్లు వరుసలో నిలుస్తాయి, విలువను మోసుకొస్తాయి, తక్కువ సంఖ్య గలవి ముందుగా అందుతాయి.

## పనిచేసే తీరు

అమలు ఏదైనా, సిగ్నల్ ప్రయాణంలో అయిదు దశలను గుర్తించవచ్చు.

మొదటిది ఉత్పత్తి: ఒక ప్రాసెస్ కిల్ పిలుపు చేయడం, డ్రైవర్ మీట నొక్కుడును గమనించడం, లేదా ప్రాసెసర్ దోషాన్ని పట్టుకోవడం. రెండోది అనుమతి పరిశీలన: పంపినవారికి ఆ అధికారం ఉందో లేదో చూడడం. మూడోది నిర్ణయం: గ్రహీత ఆ సిగ్నల్‌ను వదిలేసిందా, నిలిపి ఉంచిందా, హ్యాండ్లర్‌ను నియమించిందా అన్నది తేల్చడం.

నాలుగోది అందజేత. హ్యాండ్లర్ ఉన్నట్లయితే, గ్రహీత ప్రస్తుత రిజిస్టర్ల విలువలను దాని స్టాక్‌పై, అంటే ఫంక్షన్ల తాత్కాలిక సమాచారం ఉండే మెమరీ భాగంపై, ఒక చట్రంగా భద్రపరచి, తరువాత అమలు కావలసిన ఆదేశాన్ని సూచించే రిజిస్టర్‌ను హ్యాండ్లర్ చిరునామాకు మార్చాలి. ప్రాసెస్ తిరిగి నడవగానే తానే ఆ ఫంక్షన్‌ను పిలిచినట్లు హ్యాండ్లర్ మొదలవుతుంది. అయిదోది పునరుద్ధరణ: హ్యాండ్లర్ ముగియగానే సిగ్‌రిటర్న్ అనే పిలుపు ద్వారా పాత రిజిస్టర్లను, పాత మాస్క్‌ను తిరిగి నెలకొల్పడం.

ఈ దశల్లో ఏది కెర్నెల్‌లో జరగాలి, ఏది సర్వర్‌లో జరగాలి, ఏది గ్రహీత ప్రాసెస్‌లోనే జరగాలి అన్న విభజనలోనే ఒక మైక్రోకెర్నెల్‌కూ మరొకదానికీ తేడా కనిపిస్తుంది.

## ప్రధాన అమలు పద్ధతులు

### సర్వర్ నిర్వహించే పద్ధతి: మినిక్స్ 3

మినిక్స్ 3లో సిగ్నళ్ల అధికారం ప్రాసెస్ మేనేజర్ అనే సర్వర్‌ది. తొలి మినిక్స్‌లలో ఈ బాధ్యత మెమరీ మేనేజర్ అనే సర్వర్‌కు ఉండేది. కిల్ పిలుపు చేసిన ప్రాసెస్ నిజానికి ప్రాసెస్ మేనేజర్‌కు ఒక సందేశం పంపుతుంది. ప్రతి ప్రాసెస్ యజమాని గుర్తింపు, మాస్క్, హ్యాండ్లర్ల పట్టిక, పెండింగ్ సిగ్నళ్లు ఆ సర్వర్ సొంత పట్టికలో ఉంటాయి కనుక రెండో, మూడో దశలు పూర్తిగా అక్కడే ముగుస్తాయి.

అందజేత దగ్గర మాత్రం సర్వర్‌కు కెర్నెల్ సాయం కావాలి, ఎందుకంటే గ్రహీత రిజిస్టర్లను మార్చే అధికారం కెర్నెల్‌దే. ఇందుకోసం మినిక్స్ కెర్నెల్ కొన్ని ప్రత్యేక పిలుపులను విశ్వసనీయ సర్వర్లకు మాత్రమే ఇస్తుంది. సిస్‌సిగ్‌సెండ్ అనే పిలుపు రాగానే కెర్నెల్ గ్రహీత స్టాక్‌పై చట్రాన్ని నిర్మించి, అమలు స్థానాన్ని హ్యాండ్లర్ వైపు మళ్లిస్తుంది. హ్యాండ్లర్ ముగిశాక ప్రాసెస్ మేనేజర్ ద్వారా వచ్చే సిస్‌సిగ్‌రిటర్న్ పిలుపు పాత స్థితిని నిలబెడుతుంది.

కెర్నెల్‌లోనే పుట్టే సిగ్నళ్లకు, డ్రైవర్లు పంపే సిగ్నళ్లకు మరో దారి ఉంది. ప్రోగ్రామ్ తప్పు మెమరీని తాకినప్పుడు కెర్నెల్ దానిని నడవకుండా ఆపి, ఆ సిగ్నల్ బిట్‌ను గుర్తుపెట్టుకొని, ప్రాసెస్ మేనేజర్‌కు ఒక సూచన పంపుతుంది. ఈ సూచన కెర్నెల్‌ను ఎదురుచూపులో పడేయదు. ప్రాసెస్ మేనేజర్ వీలైనప్పుడు సిస్‌గెట్‌కేసిగ్ పిలుపుతో పెండింగ్ సిగ్నళ్లను అడిగి తీసుకుంటుంది. పని పూర్తయ్యాక సిస్‌ఎండ్‌కేసిగ్ పిలుపుతో ఆ సంగతి తెలుపుతుంది. కంట్రోల్, సి మీటలను గుర్తించిన టెర్మినల్ డ్రైవర్ కూడా సిస్‌కిల్ అనే కెర్నెల్ పిలుపు ద్వారా ఇదే దారిలో ప్రవేశిస్తుంది. ఈ ఏర్పాటు వల్ల కెర్నెల్ ఎన్నడూ ఒక సర్వర్ జవాబు కోసం ఆగదు. విధాన నిర్ణయాలు సర్వర్‌లో, యాంత్రికమైన పని కెర్నెల్‌లో ఉండిపోతాయి.

### గ్రహీత స్వయంగా నిర్వహించే పద్ధతి: గ్నూ హర్డ్

హర్డ్‌లో సిగ్నళ్ల అమలు మరింత బయటకు, గ్రహీత ప్రాసెస్ లోపలికే జరిగింది. ప్రతి ప్రాసెస్‌లోనూ సీ లైబ్రరీ ఒక అదనపు థ్రెడ్‌ను నడుపుతుంది. థ్రెడ్ అంటే ఒకే ప్రాసెస్ మెమరీలో స్వతంత్రంగా సాగే అమలు ధార. ఈ సిగ్నల్ థ్రెడ్ ఒక సందేశ పోర్టు దగ్గర కాపు కాస్తుంది. మాక్‌లో పోర్టు అంటే కెర్నెల్ సంరక్షించే సందేశాల వరుస. దానికి పంపే హక్కు ఉన్నవారే సందేశం పంపగలరు.

కిల్ పిలుపు చేసిన ప్రాసెస్, ప్రాక్ అనే సర్వర్‌ను అడిగి గ్రహీత సందేశ పోర్టును సంపాదించి, సిగ్నల్ సంఖ్యతో పాటు తన అధికారాన్ని రుజువు చేసే మరో పోర్టును జతచేసి సందేశం పంపుతుంది. గ్రహీతలోని లైబ్రరీ ఆ రుజువును పరిశీలిస్తుంది. పంపినవారు గ్రహీత టాస్క్ పోర్టును, అంటే ఆ ప్రాసెస్‌పై సంపూర్ణ అధికారాన్నిచ్చే పోర్టును చూపగలిగితే ఏ సిగ్నల్‌నైనా అంగీకరిస్తుంది. టెర్మినల్‌ను గుర్తించే పోర్టు అయితే సిగ్‌ఇంట్, సిగ్‌హప్ వంటి టెర్మినల్ సిగ్నళ్లనే అంగీకరిస్తుంది. అదే సెషన్‌ను, అంటే సాధారణంగా ఒకే లాగిన్‌కు చెందిన ప్రాసెస్‌ల సమూహాన్ని, సూచించే పోర్టు అయితే ఆగిన పనిని కొనసాగించే సిగ్‌కాంట్‌ను అనుమతిస్తుంది.

అంగీకారం కుదిరాక సిగ్నల్ థ్రెడ్ మాక్ పిలుపులతో ప్రధాన థ్రెడ్‌ను ఆపి, దాని రిజిస్టర్లను చదివి, చట్రాన్ని నిర్మించి, కొత్త రిజిస్టర్లను రాసి, తిరిగి నడిపిస్తుంది. మెమరీ దోషాల విషయంలో మాక్ కెర్నెల్ సిగ్నల్ అనే మాటే ఎరగదు. అది దోషాల సమాచారం అందే మినహాయింపు పోర్టుకు ఒక సందేశం పంపితే, సిగ్నల్ థ్రెడ్ దానిని సిగ్‌సెగ్వ్ వంటి యూనిక్స్ సిగ్నల్‌గా మారుస్తుంది.

ఈ పద్ధతిలో సిగ్‌కిల్‌కు ప్రత్యేక ఏర్పాటు తప్పనిసరి. గ్రహీత లైబ్రరీపై ఆధారపడితే, చెడిపోయిన ప్రాసెస్ తన ముగింపునే అడ్డుకోగలదు. అందువల్ల హర్డ్‌లో సిగ్‌కిల్ సందేశంగా వెళ్లదు. పంపేవారు ప్రాక్ సర్వర్ నుంచి టాస్క్ పోర్టును తీసుకొని, ఆ టాస్క్‌ను ముగించమని నేరుగా కెర్నెల్‌ను కోరతారు.

### కెర్నెల్ అందించే పద్ధతి: క్యూనిక్స్ న్యూట్రినో

పరిశ్రమలలో, వాహనాల్లో, వైద్య పరికరాల్లో వాడే క్యూనిక్స్ న్యూట్రినో సిగ్నళ్లను మైక్రోకెర్నెల్‌లోనే ఉంచింది. నిర్ణీత కాలంలో స్పందించవలసిన నిజసమయ వ్యవస్థల్లో, సర్వర్ల మధ్య అదనపు సందేశాలు లేకుండా సిగ్నల్ అందడం ఇందుకు అనుకూలిస్తుంది. సిగ్నల్ పంపడం, స్పందనను నియమించడం, మాస్క్ మార్చడం, సిగ్నల్ కోసం వేచి ఉండడం అన్నీ కెర్నెల్ పిలుపులే.

న్యూట్రినో 6వ తరంలో సిగ్నళ్ల సంఖ్య 64. వీటిలో 41 నుంచి 56 వరకు పోసిక్స్ నిజసమయ సిగ్నళ్లు. 57 నుంచి 64 వరకు ఉన్న ఎనిమిది ప్రత్యేక సిగ్నళ్లు ఎల్లప్పుడూ మాస్క్‌లో ఉంటాయి కనుక, వాటికి హ్యాండ్లర్‌ను నియమించలేరు; వాటి కోసం వేచి ఉండి మాత్రమే అందుకోవాలి. స్పందన ప్రాసెస్ మొత్తానికి ఒకటే అయినా, మాస్క్ ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్‌కు వేరు. ప్రాసెస్‌కు పంపిన సిగ్నల్, దానిని మాస్క్ చేయని ఒక థ్రెడ్‌కు అందుతుంది.

క్యూనిక్స్‌లో సిగ్నల్‌కు తోడుగా పల్స్ అనే చిన్న సందేశం ఉంది. ఒక 8 బిట్ల సంకేతసంఖ్యను, ఒక చిన్న విలువను మోసుకెళ్లే ఈ సందేశం పంపినవారిని ఎదురుచూపులో పెట్టదు. గ్రహీత మిగిలిన సందేశాలతో పాటే దానినీ వరుసలో అందుకుంటుంది. నడుస్తున్న పనిని మధ్యలో తెంచదు కాబట్టి సర్వర్ల రచయితలు సంఘటనల సూచనకు సిగ్నల్ కంటే పల్స్‌నే ఎక్కువగా ఎంచుకుంటారు.

### సిగ్నల్ లేని కెర్నెళ్లు: ఎల్4 కుటుంబం, జిర్కాన్

ఎల్4 కెర్నెళ్లలో యూనిక్స్ సిగ్నల్ లేదు. అయితే దానిని కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు ఉంది: సందేశాలు, ఒక థ్రెడ్ అమలు స్థానాన్నీ స్టాక్ స్థానాన్నీ మార్చే పిలుపు. 1997లో హెర్మన్ హెర్టిగ్ బృందం లినక్స్‌ను ఎల్4పై సర్వర్‌గా నడిపి చూపినప్పుడు, ప్రతి వాడుకరి ప్రాసెస్‌లోనూ ఒక అదనపు సిగ్నల్ థ్రెడ్‌ను చేర్చింది. నాటి ఎల్4లో ఒక థ్రెడ్ రిజిస్టర్లను అదే మెమరీలోని మరో థ్రెడ్ మాత్రమే మార్చగలదు. అందుచేత లినక్స్ సర్వర్ ఆ సిగ్నల్ థ్రెడ్‌కు సందేశం పంపితే, అది ప్రధాన థ్రెడ్ దారి మళ్లించి లినక్స్ సర్వర్‌లోకి ప్రవేశపెట్టేది.

సెల్4లో నోటిఫికేషన్ అనే వస్తువు ఉంది. ఇది ఒక యంత్రపదం పొడవున్న బిట్ల సమూహం. సూచన పంపిన ప్రతివారి గుర్తింపు బిట్లు అందులో కలుస్తాయి. వేచి ఉన్న థ్రెడ్ వాటిని ఒక్కసారిగా తీసుకుంటుంది. ఇది ఎవరి అమలు దారినీ మళ్లించదు. దోషాలు జరిగినప్పుడు కెర్నెల్ దోష నిర్వాహకుడిగా నియమితమైన థ్రెడ్‌కు సందేశం పంపుతుంది. తగిన హక్కు ఉన్న ఆ థ్రెడ్ దోషి థ్రెడ్ రిజిస్టర్లను చదివి, మార్చి, తిరిగి నడిపించగలదు. యూనిక్స్ సిగ్నళ్లు కావాలనుకున్న వ్యవస్థ ఈ రెండింటితో వాటిని కట్టుకోవాలి.

గూగుల్ ఫ్యూషియా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆధారమైన జిర్కాన్ కెర్నెల్ కూడా యూనిక్స్ సిగ్నళ్లను అందించదు. అక్కడ సిగ్నల్ అన్న పేరు ప్రతి కెర్నెల్ వస్తువుకు ఉండే స్థితి బిట్లకు చెందుతుంది. ప్రాసెస్‌లు ఆ బిట్ల మార్పు కోసం వేచి ఉంటాయి.

### మిశ్రమ పద్ధతి: డార్విన్

యాపిల్ మ్యాక్ ఓఎస్, ఐఓఎస్‌లకు ఆధారమైన డార్విన్‌లోని ఎక్స్‌ఎన్‌యూ కెర్నెల్‌లో మాక్, బీఎస్‌డీ భాగాలు ఒకే ప్రత్యేకాధికార మెమరీలో ఉంటాయి కాబట్టి అది శుద్ధ మైక్రోకెర్నెల్ కాదు. అయినా మాక్ మినహాయింపును ముందు పుట్టించి, దానిని ఎవరూ పరిష్కరించకపోతే బీఎస్‌డీ భాగంలో సిగ్నల్‌గా మార్చే క్రమం అందులో నిలిచింది.

## ఎదురుచూస్తున్న ప్రాసెస్‌కు సిగ్నల్ వస్తే

మైక్రోకెర్నెల్‌లో సిగ్నళ్ల అమలుకు అతి కఠినమైన సందర్భం ఇదే. ఒక ప్రాసెస్ కీబోర్డు నుంచి అక్షరం చదవమని సర్వర్‌ను కోరి జవాబు కోసం ఆగి ఉన్నప్పుడు సిగ్నల్ వస్తే, ఆ పిలుపును మధ్యలో తెంచి, ఈఐఎన్‌టీఆర్ అనే దోషసంఖ్యతో ముగించాలని పోసిక్స్ సాధారణంగా కోరుతుంది. కెర్నెల్ ఏకపక్షంగా ఎదురుచూపును తెంచితే, సర్వర్ మాత్రం ఆ కోరిక ఇంకా ఉందనుకుని, చదివిన అక్షరాలను ఎవరూ అందుకోని జవాబులో పోగొట్టవచ్చు. అందువల్ల తెంపు సంగతి సర్వర్‌కు తెలియాలి, దాని సమ్మతితోనే జరగాలి.

మినిక్స్ 3లో ప్రాసెస్ మేనేజర్ ముందుగా గ్రహీత ఫైల్ సర్వర్ దగ్గర ఆగి ఉందేమో చూసి, ఎదురుచూపు విడిపించమని ఆ సర్వర్‌ను కోరుతుంది. ఫైల్ సర్వర్ అవసరమైతే డ్రైవర్‌కు రద్దు సందేశం పంపి, పిలుపును దోషసంఖ్యతో ముగిస్తుంది. హర్డ్‌లో సిగ్నల్ థ్రెడ్ ఆ సర్వర్‌కు ఇంటరప్ట్ ఆపరేషన్ అనే సందేశం పంపి, జవాబు వచ్చాకే హ్యాండ్లర్‌ను నడిపిస్తుంది. హ్యాండ్లర్ కూడా సర్వర్లతో మాట్లాడవలసి రావచ్చు కనుక, పాత జవాబు పోర్టును చట్రంలో భద్రపరచి, హ్యాండ్లర్‌కు వేరే పోర్టు వాడే వీలు కల్పిస్తుంది.

క్యూనిక్స్ ఈ ఎంపికను సర్వర్‌కు వదిలింది. సందేశాన్ని సర్వర్ ఇంకా అందుకోకపోతే కెర్నెల్ గ్రహీతను వెంటనే విడిపిస్తుంది. సర్వర్ అందుకొని జవాబివ్వని దశలో ఉంటే, ఆ సర్వర్ ముందుగా కోరి ఉన్నట్లయితే, కెర్నెల్ దానికి విడిపింపు పల్స్ పంపుతుంది. సర్వర్ జవాబిచ్చేదాకా గ్రహీత ఆగే ఉంటుంది. సర్వర్ రచయిత ఈ పల్స్‌ను పట్టించుకోకపోతే గ్రహీతను సిగ్నల్‌తో ముగించడం కూడా ఆలస్యమవుతుంది. ఒక సేవ రచనలోని లోపం మరో ప్రాసెస్ ముగింపును అడ్డుకోగలగడం ఈ నిర్మాణంలో జాగ్రత్తగా చూడవలసిన అంశం.

## అనుమతులు, భద్రత

పోసిక్స్ నియమం ప్రకారం పంపినవారి వాడుకరి గుర్తింపు గ్రహీత గుర్తింపుతో సరిపోవాలి, లేదా పంపినవారికి నిర్వాహక అధికారం ఉండాలి. ఒకే సెషన్‌లో సిగ్‌కాంట్ పంపడానికి మినహాయింపు ఉంది. మినిక్స్ ఈ నియమాన్ని ఒకే సర్వర్‌లో కేంద్రీకరించింది. హర్డ్, సెల్4 వంటివి హక్కు ఆధారిత పద్ధతిని అనుసరిస్తాయి. ఒక వస్తువును సూచించే, నకిలీని సృష్టించలేని హక్కు ఎవరి దగ్గర ఉంటే వారే దానిపై పనిచేయగలరు, వారి పేరుతో పని లేదు. మొదటి పద్ధతిలో నియమాలను ఒక్కచోట సమీక్షించవచ్చు. రెండో పద్ధతిలో ప్రతి ప్రాసెస్‌కూ దాని పనికి సరిపడే అధికారాన్ని మాత్రమే ఇవ్వవచ్చు.

## సర్వర్లకు, డ్రైవర్లకు సిగ్నళ్లు

సర్వర్లు కూడా ప్రాసెస్‌లే గనుక వాటికీ సిగ్నళ్లు రావచ్చు. అయితే ఒక సర్వర్ తన పట్టికలను మారుస్తుండగా మధ్యలో హ్యాండ్లర్ దూరితే ఆ పట్టికలు చెడిపోతాయి. అందువల్ల మినిక్స్ 3 తరువాతి కూర్పులు వ్యవస్థ ప్రాసెస్‌లకు సిగ్నల్‌ను సందేశంగా అందిస్తాయి. సర్వర్ చేతిలోని పనిని ముగించి, తరువాతి సందేశం కోసం చూసినప్పుడు ఆ సూచనను అందుకుంటుంది.

మినిక్స్ 3లో రీఇన్‌కార్నేషన్ సర్వర్ అనే ప్రత్యేక సర్వర్ డ్రైవర్ల ఆరోగ్యాన్ని గమనిస్తుంది. డ్రైవర్ దోషంతో ముగిసినా, క్రమం తప్పకుండా పంపే పలకరింపులకు జవాబివ్వకపోయినా, దానిని తొలగించి కొత్త నకలును నడిపిస్తుంది. ఏకశిలా కెర్నెల్‌లో డ్రైవర్ దోషం వ్యవస్థనంతటినీ కూల్చగలదు. ఇక్కడ అదే దోషం ఒక ప్రాసెస్‌కు వచ్చిన సిగ్నల్‌గా పరిమితమవుతుంది. నెట్‌వర్క్ డ్రైవర్ల వంటి సందర్భాల్లో వాడుకరి ప్రోగ్రామ్ ఆగకుండానే వ్యవస్థ కోలుకోగలదు.

## ఏకశిలా కెర్నెల్‌తో పోలిక

ఏకశిలా కెర్నెల్‌లో సిగ్నల్ పంపడానికి ఒక్కసారి కెర్నెల్‌లోకి వెళ్లి రావడం చాలు. మైక్రోకెర్నెల్‌లో ప్రాసెస్ మార్పిడులు, సందేశాలు అదనంగా అవసరమవుతాయి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎంతన్నది సందేశాల వేగాన్ని బట్టి ఉంటుంది. 1997 నాటి ఎల్4 లినక్స్ ప్రయోగంలో మొత్తం వ్యవస్థ గరిష్ఠ సామర్థ్యం, ఏఐఎం పరీక్షల ప్రకారం, మామూలు లినక్స్ కంటే సుమారు 5 శాతమే తక్కువగా నమోదైంది. సాధారణ ప్రోగ్రామ్‌లలో సిగ్నళ్లు అరుదుగా వస్తాయి గనుక వాటి విడి ఖర్చు కంటే సరైన క్రమం పాటించడమే ముఖ్యం.

క్రమానికి ఎదురయ్యే చిక్కులు రెండు. రెండు సర్వర్లు ఒకదాని జవాబు కోసం మరొకటి ఆగిపోతే ప్రతిష్టంభన ఏర్పడుతుంది. దీనిని తప్పించడానికి మినిక్స్ 3లో ప్రాసెస్ మేనేజర్, ఫైల్ సర్వర్‌కు ఎదురుచూడని సందేశాలనే పంపుతుంది. ప్రాసెస్ కొత్త ప్రోగ్రామ్‌ను లోనికి తెచ్చుకుంటున్నప్పుడో, ముగుస్తున్నప్పుడో సిగ్నల్ వస్తే సర్వర్ల పట్టికల మధ్య తాత్కాలిక వైరుధ్యం రావచ్చు. అటువంటి వేళ సిగ్నల్‌ను పెండింగ్‌లో ఉంచి, పని ముగిశాక పరిశీలిస్తారు.

## ప్రాముఖ్యం

సిగ్నల్ పుట్టినప్పుడు ఒకే కెర్నెల్, ప్రాసెస్‌కు ఒకే అమలు ధార అన్న ఊహ దాని వెనుక ఉంది. మైక్రోకెర్నెల్ ఆ ఊహను తొలగించి, సిగ్నల్ అన్న ఒక్క మాటలో కలిసిపోయిన వేర్వేరు పనులను విడదీసి చూపింది. దోషాన్ని తెలియజేయడం, సంఘటనను సూచించడం, ఎదురుచూపును తెంచడం, ప్రాసెస్‌ను బలవంతంగా ముగించడం అనే ఈ నాలుగింటికీ కొత్త కెర్నెళ్లు నాలుగు వేర్వేరు సాధనాలను ఇస్తున్నాయి. పోసిక్స్ ప్రోగ్రామ్‌లు కొనసాగవలసిన చోట మాత్రం వాటిని తిరిగి కలిపి సిగ్నల్‌గా చూపే పొర ఒకటి లైబ్రరీలోనో సర్వర్‌లోనో ఉండక తప్పదు.

బోధనలోనూ ఈ అంశానికి విలువ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల కంప్యూటర్ సైన్స్ పాఠ్యక్రమంలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రధానాంశం. అందులో సిగ్నళ్లు సాధారణంగా యూనిక్స్, లినక్స్ ఉదాహరణలతో పరిచయమవుతాయి. సిగ్నల్ ప్రయాణంలోని ప్రతి దశ వేరొక సర్వర్‌లో, వేరొక సందేశంగా కనిపించే మినిక్స్ 3 మూలరచనను దానితో పోల్చి చదివితే, విధానాన్ని యంత్రాంగం నుంచి వేరుచేయడం అనే సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో స్పష్టమవుతుంది.

## ఇవీ చూడండి

ఆపరేటింగ్ సిస్టమ్; కెర్నెల్; ఏకశిలా కెర్నెల్; ప్రాసెస్; థ్రెడ్; సిస్టమ్ కాల్; ప్రాసెస్‌ల మధ్య సందేశాలు; అంతరాయం; హక్కు ఆధారిత భద్రత; నిజసమయ వ్యవస్థలు; పోసిక్స్; యూనిక్స్; మినిక్స్; గ్నూ హర్డ్; క్యూనిక్స్; ఎల్4.